ఎం.ఏ. కాంటాబ్: పెళ్ళి బయోడేటాలో ఒక అనుమానం

తెనాలి నుంచి ఒక రిటైర్డ్ హైస్కూలు మాస్టారు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా అమ్మాయి ఇంగ్లండ్‌లో డర్హం యూనివర్సిటీలో ఏడాది ఎమ్మెస్సీ చేసి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈమధ్య ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి లండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బయోడేటాలో బి.ఏ., ఎం.ఏ. అని రాసి, పక్కన బ్రాకెట్లో కాంటాబ్ అని పెట్టారు. ఫోన్లో అడిగితే కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్ మూడేళ్ళు చదివాడని చెప్పారు. కంప్యూటర్ సైన్స్ చదివినవాడికి బి.ఏ. ఏమిటి, మూడేళ్ళ చదువుకి ఎం.ఏ. ఎలా వస్తుంది, ఇదేదో డబ్బు పెట్టి కొన్న డిగ్రీ అని మా బావమరిది గట్టిగా వాదిస్తున్నాడు. అబ్బాయి అక్క అక్కడే డాక్టరు. ఆవిడ పేరు పక్కన ఎం.బి.బి.ఎస్. లేదు. ఎం.బి., సిహెచ్.బి. అనీ, బ్రాకెట్లో ఎడిన్ అనీ ఉంది. ఇంతలో మా అమ్మాయి, తన డిగ్రీ పక్కన కూడా డనెల్మ్ అని రాసుకోవచ్చని అంటోంది. అదేం ఊరో మాకు తెలియదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. సంబంధం వదులుకోమంటారా?"

మాస్టారూ, నమస్కారం. ముందు మీకు నిద్ర పట్టే మాట చెబుతాను. మీరు రాసిన వివరాల్లో దొంగ డిగ్రీ అనుకోవడానికి కారణం ఒక్కటీ లేదు. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్ మూడేళ్ళు చదివి పాసైన పిల్లలకి ఇచ్చేది బి.ఏ. డిగ్రీయే. తర్వాత కొన్నేళ్ళకి అది ఎం.ఏ. అవుతుంది. దాన్ని ఎం.ఏ. కాంటాబ్ అని రాస్తారు. ఇదంతా పద్ధతి ప్రకారం జరిగేదే. అయితే మీ బావమరిది గారి అనుమానంలో సగం న్యాయం ఉంది. ఆ ఎం.ఏ. కోసం ఆ అబ్బాయి కొత్తగా క్లాసులకు వెళ్ళలేదు, పరీక్ష రాయలేదు. మనం పీజీ అనుకునే చదువు అది కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కాబట్టే మీ ఇంట్లో ఇంత గొడవ అయింది.

మొదట బి.ఏ. సంగతి. మన దగ్గర బి.ఏ. అనగానే చరిత్ర, అర్థశాస్త్రం, తెలుగు గుర్తొస్తాయి. సైన్సు చదివితే బీఎస్సీ, కంప్యూటర్లయితే బీటెక్. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి మాత్రం ఆ విభజన పెట్టుకోలేదు. ఫిజిక్స్ చదివినా, లెక్కలు చదివినా, లా చదివినా మూడేళ్ళకి చేతికొచ్చేది బి.ఏ.నే. పాతకాలంలో 'ఆర్ట్స్' కింద లెక్కలు, ఖగోళశాస్త్రం కూడా ఉండేవి. ఆ పేరు అలాగే నిలిచిపోయింది. అదే కంప్యూటర్ సైన్స్‌లో నాలుగో ఏడాది కూడా చదివితే కేంబ్రిడ్జి ఎం.ఇంజ్. ఇస్తుంది. అది నిజంగా చదివి సంపాదించిన మాస్టర్స్. మీకు వచ్చిన అబ్బాయి మూడేళ్ళకే ఆపి ఉద్యోగంలో చేరినట్టున్నాడు. చాలామంది అలాగే చేస్తారు.

ఇక ఎం.ఏ. మూడేళ్ళలో వచ్చిందని మీ బావమరిది గారు అనుకోవడం దగ్గరే లెక్క తప్పింది. కేంబ్రిడ్జిలో చేరిన మొదటి టర్మ్ ముగిశాక కనీసం ఆరేళ్ళు గడవాలి. అప్పుడు బి.ఏ. ఉన్నవాళ్ళు ఎం.ఏ. తీసుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్క టర్ముల్లో ఉంటుంది. చేరినప్పటి నుంచి ఇరవై ఒకటో టర్ము రావాలి. ఏడాదికి మూడు టర్ములు కాబట్టి సుమారు ఏడేళ్ళు. ఉదాహరణకి ఆ అబ్బాయి 2015 అక్టోబరులో కేంబ్రిడ్జిలో చేరి ఉంటే, 2018లో బి.ఏ. పుచ్చుకుని, 2022లో ఎం.ఏ. తీసుకోగలడు. ఏ సంవత్సరంలో చేరాడో అడిగి మీరే వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. చేరి ఆరేళ్ళు కూడా నిండకుండా ఎం.ఏ. కాంటాబ్ అని రాసుకుని ఉంటే మాత్రం అప్పుడు అడగాల్సిందే.

పరీక్ష లేకుండా ఎం.ఏ. ఏమిటని మీలాంటి మాస్టారికి కోపం రావడం సహజం. ఇది కేంబ్రిడ్జి దాచిపెట్టే విషయమేమీ కాదు. తమ ఎం.ఏ. పోస్టుగ్రాడ్యుయేట్ చదువుగా దొరికేది కాదని వాళ్ళే ప్రకటిస్తారు. దీని మూలం మధ్యయుగాల్లో ఉంది. అప్పట్లో విశ్వవిద్యాలయం అంటే పాఠాలు చెప్పేవాళ్ళ సంఘం. బి.ఏ. అయినవాడు సగం దారి దాటినవాడు. ఎం.ఏ. అయ్యాక సంఘంలో పూర్తి సభ్యుడు, పాఠం చెప్పడానికి, సంఘం నిర్ణయాల్లో ఓటు వేయడానికి అర్హుడు. కాలక్రమంలో మధ్యలో ఉండే చదువు పోయింది, సభ్యత్వం మిగిలింది. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, అవతల ఐర్లండ్‌లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ, ఈ మూడే ఇంకా ఆ పద్ధతి పట్టుకుని ఉన్నాయి. బ్రిటన్‌లో మరెక్కడైనా ఎం.ఏ. అని ఉంటే అది చదివి రాసిన ఎం.ఏ. అనుకోవచ్చు. స్కాట్లండ్ ఒక్కటి మినహాయింపు. సెయింట్ ఆండ్రూస్, గ్లాస్గో, అబర్డీన్, ఎడిన్‌బరా, ఈ నాలుగు పాత విశ్వవిద్యాలయాల్లో ఆర్ట్స్ విద్యార్థులకి నాలుగేళ్ళ మొదటి డిగ్రీ పేరే ఎం.ఏ. దానికి నాలుగేళ్ళూ చదవాలి, పరీక్షలూ ఉంటాయి. కానీ స్థాయి చూస్తే మన ఆనర్స్ డిగ్రీ లాంటిదే.

ఈ బ్రాకెట్లో అక్షరాలు ఏం చెబుతాయో కూడా ఇక్కడే చెప్పేస్తాను. అవి విశ్వవిద్యాలయం ఉన్న ఊరికి లాటిన్ పేరు, కుదించి రాసినది. కాంటాబ్ అంటే కేంబ్రిడ్జి, ఆక్సన్ అంటే ఆక్స్‌ఫర్డ్, ఎడిన్ అంటే ఎడిన్‌బరా, ఎబోర్ అంటే యార్క్. రోమన్లు యార్క్‌ని ఎబోరాకం అనేవాళ్ళు. ఆ యూనివర్సిటీ పెట్టింది 1963లోనే అయినా సంక్షిప్తనామం మాత్రం రోమన్ల కాలం నాటిది. ఆంగ్లికన్ చర్చిలో పెద్ద పెద్ద బిషప్పులు సంతకం పెట్టేటప్పుడు ఇంటిపేరుకి బదులు ఇవే రాస్తారు. యార్క్ ఆర్చిబిషప్ ఎబోర్ అనీ, డర్హం బిషప్ డనెల్మ్ అనీ సంతకం చేస్తారు. అంటే మీ అమ్మాయి చెబుతున్న డనెల్మ్ ఇంకో ఊరేమీ కాదు, డర్హమే. 1832లో పెట్టిన విశ్వవిద్యాలయం అది. అక్కడి పాత బిషప్పుల కోటలో ఇప్పటికీ విద్యార్థులు కాపురం ఉంటారు. బ్రాకెట్లో అక్షరాలకి గొప్పా తక్కువా లేదు. డిగ్రీ ఎవరిచ్చారో చెప్పడం వరకే వాటి పని. అందుకే బ్రాకెట్ చూసి మురిసిపోవద్దు, భయపడనూ వద్దు. డిగ్రీ ఏమిటి, అందులో ఏం చదివారు, ఏ క్లాసులో పాసయ్యారు, చూడాల్సింది ఇవి.

మీరు జీవితమంతా బళ్ళో పాఠాలు చెప్పినవారు కాబట్టి, ఈ అక్షరాల వెనక ఉన్న ఒక కథ మీకు చెప్పకుండా ఉండలేను. 1890లో కేంబ్రిడ్జి లెక్కల పరీక్షలో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నది ఫిలిపా ఫాసెట్ అనే అమ్మాయి. న్యూన్‌హమ్ కాలేజీ విద్యార్థిని. ఆ పరీక్షలో మొదటి స్థానం వచ్చిన అబ్బాయిని సీనియర్ రాంగ్లర్ అనేవాళ్ళు, దేశమంతా పేపర్లలో పేరొచ్చేది. ఫిలిపా పేరు చదివినప్పుడు 'సీనియర్ రాంగ్లర్ కంటే పైన' అని ప్రకటించారు. అంతకుమించి ఆమెకి ఏమీ ఇవ్వలేదు. ఆడపిల్లలు అవే పాఠాలు వినొచ్చు, అవే పరీక్షలు రాయొచ్చు, డిగ్రీ మాత్రం పుచ్చుకోకూడదు. ఆక్స్‌ఫర్డ్‌లోనూ అంతే. చదువు పూర్తయ్యాక హైస్కూలు టీచరు ఉద్యోగానికి వెళ్తే, పేరు పక్కన ఏ అక్షరాలూ లేని వాళ్ళుగానే నిలబడాల్సి వచ్చేది.

వాళ్ళకో దారి 1904లో దొరికింది. ఆ మూడు పాత విశ్వవిద్యాలయాలూ ఒకరి డిగ్రీని ఇంకొకరు అదే హోదాతో గుర్తించే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ఆ ఏడాది ఆడపిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టగానే, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో పరీక్షలు గట్టెక్కిన అమ్మాయిలకి కూడా అదే నియమం వర్తించింది. 1904 నుంచి 1907 దాకా వందల మంది ఆడవాళ్ళు స్టీమరెక్కి సముద్రం దాటి డబ్లిన్ వెళ్ళి, గౌను వేసుకుని డిగ్రీ అందుకుని, తిరిగి ఓడెక్కి వచ్చారు. వాళ్ళకి స్టీమ్‌బోట్ లేడీస్ అని పేరు పడింది. చాలామంది టీచర్లు, హెడ్‌మిస్ట్రెస్‌లు. చదివింది ఒకచోట, పేరు పక్కన పెట్టుకున్నది ఇంకో ఊరి అక్షరాలు. ఆక్స్‌ఫర్డ్ 1920లో ఆడవాళ్ళకి డిగ్రీలిచ్చింది. కేంబ్రిడ్జి 1948 దాకా ఇవ్వలేదు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత అన్నమాట. పూణేలో చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కోర్నీలియా సొరాబ్జీ 1892లో అక్కడి బి.సి.ఎల్. అనే లా పరీక్ష రాసింది. ఆ డిగ్రీ ఆమె చేతికి వచ్చింది 1922లో. పరీక్ష రాసినా డిగ్రీ ఇవ్వని రోజులు ఒకప్పుడుంటే, పరీక్ష రాయకుండా ఎం.ఏ. ఇచ్చే పద్ధతి అదే చోట ఇప్పటికీ ఉంది. మీ బావమరిది గారితో వాదించేటప్పుడు ఈ మాట పనికొస్తుంది.

డిగ్రీ పేరు చూసి స్థాయి లెక్కకట్టడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంకొక్క పేరు చాలు. శ్రీనివాస రామానుజన్. మద్రాసు నుంచి కేంబ్రిడ్జి వెళ్ళి పరిశోధన చేసినందుకు 1916లో ఆయనకి ఇచ్చింది బి.ఏ. డిగ్రీ. కేంబ్రిడ్జిలో అప్పటికి పీహెచ్.డి. లేదు. ఈ రోజుల్లో ఆ పనికి పీహెచ్.డి. కంటే తక్కువ ఎవరూ ఇవ్వరు. ఇంకో తమాషా ఏమిటంటే, సొరాబ్జీ రాసిన ఆ బి.సి.ఎల్. ఆక్స్‌ఫర్డ్‌లో ఇప్పుడు మాస్టర్స్ స్థాయి కోర్సు. లా డిగ్రీ ముందే ఉన్నవాళ్ళు చదివేది. పేరులో బ్యాచిలర్ ఉంది కదా అని ఎవరైనా చిన్నచూపు చూస్తే నష్టపోయేది వాళ్ళే.

డాక్టరమ్మ గారి విషయానికి వద్దాం. ఎం.బి., సిహెచ్.బి. అంటే మన ఎం.బి.బి.ఎస్.కి సాక్షాత్తూ తోబుట్టువు. ఎం.బి. అంటే వైద్యంలో బ్యాచిలర్, సిహెచ్.బి. అంటే శస్త్రచికిత్సలో బ్యాచిలర్. లాటిన్‌లో రెండు పదాలు ఏ వరసలో పెట్టినా అర్థం మారదు కాబట్టి ఒక్కో యూనివర్సిటీ ఒక్కో వరస ఎంచుకుంది. లండన్‌లో ఎం.బి., బి.ఎస్., ఎడిన్‌బరా, గ్లాస్గో, మాంచెస్టర్‌లలో ఎం.బి., సిహెచ్.బి., ఆక్స్‌ఫర్డ్‌లో బి.ఎం., బి.సిహెచ్. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు లండన్ నమూనాలో పుట్టాయి. మనకి లండన్ వరస అలవాటైంది, మిగతావి వింతగా కనిపిస్తాయి. ఒకే కోర్సుకి రెండు డిగ్రీలెందుకంటే, ఒకప్పుడు అక్కడ మందులిచ్చే వైద్యులు వేరు, కోసి కట్టుకట్టే సర్జన్లు వేరు. 1540 నుంచి 1745 దాకా లండన్‌లో సర్జన్లూ క్షురకులూ ఒకే సంఘంలో ఉండేవాళ్ళు. తర్వాత రెండు విద్యలూ కలిశాయి గానీ రెండు పేర్లూ మిగిలిపోయాయి. బ్రిటన్‌లో వైద్యం చేయడానికి ఈ డిగ్రీలన్నీ సమానమే. ఆవిడ పేరు చూసుకోవాలనుకుంటే జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రేపు ఎవరైనా 'అక్కడి డాక్టరయ్యుండీ ఎం.డి. చేయలేదేమిటి' అంటే మీరు కంగారుపడొద్దు. బ్రిటన్‌లో ఎం.డి. అంటే థీసిస్ రాసి తెచ్చుకునే పరిశోధన డిగ్రీ. మన ఎం.డి.లాగా స్పెషలిస్టు కావడానికి అక్కడ ఎం.ఆర్.సి.పి. లాంటి పరీక్షలు, ఏళ్ళ తరబడి ఆసుపత్రి శిక్షణ ఉంటాయి.

ఇప్పుడు సంబంధం మాట. వదులుకోమని నేను చెప్పను. కానీ ఆ బయోడేటాలో నాకు నచ్చనిది ఒకటుంది. బి.ఏ. అనీ, ఎం.ఏ. అనీ రెండూ విడివిడిగా రాశారు. కేంబ్రిడ్జి ఎం.ఏ. తీసుకున్నాక బి.ఏ. విడిగా రాసుకోకపోవడం అక్కడి రివాజు, ఎందుకంటే రెండూ ఒకే చదువుకి వచ్చినవి. లండన్‌లో ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి ఇది తెలుసు. తెనాలిలో పెళ్ళిచూపులకి తయారవుతున్న ఇంటికి తెలియదు. రెండు డిగ్రీలు చదివాడనే అనుకుంటారు. ఇది అబ్బాయి రాసింది కాకపోవచ్చు. మన ఇళ్ళల్లో బయోడేటా రాసేది నాన్నో, మేనమామో, ఒక్కోసారి మ్యారేజ్ బ్యూరో వాళ్ళో. అందుకే తప్పు పట్టే ముందు అబ్బాయినే నేరుగా అడగండి. "బాబూ, నీ కేంబ్రిడ్జి ఎం.ఏ. ఎలా వచ్చిందో మా వాళ్ళకి కొంచెం చెప్పవా" అంటే చాలు. నిజాయితీ ఉన్న కుర్రాడైతే అది ప్రత్యేకంగా చదివింది కాదని మొదటి మాటలోనే చెప్పేస్తాడు. అక్కడ చదివిన వాళ్ళకి ఇది మామూలు సంగతి. తడుముకుంటే, లేదా రెండేళ్ళు పీజీ చేశానంటే, అప్పుడు మీ బావమరిది గారి మాట వినండి. నా దృష్టిలో ఈ ఒక్క జవాబు డిగ్రీ కాగితం కంటే ఎక్కువ విషయం చెబుతుంది.

అలాగే ఏ క్లాసు వచ్చిందని అడగండి. బ్రిటన్‌లో ఆనర్స్ డిగ్రీకి ఫస్ట్, టూ వన్, టూ టూ, థర్డ్ అని నాలుగు మెట్లు. టూ వన్ అంటే రెండో తరగతిలో పై సగం. అక్కడ చాలా ఉద్యోగాలకి, పై చదువులకి అదే అడుగుతారు. సెకండ్ క్లాస్ అన్నారని మొహం చిన్నబుచ్చుకోవద్దు. మన దగ్గర ఎనభై, తొంభై శాతాలు మామూలైపోయాయి గానీ అక్కడ డెబ్బై దాటితేనే ఫస్ట్.

కాగితం మీద రుజువు కావాలనుకుంటే బ్రిటన్ యూనివర్సిటీల డిగ్రీలు సరిచూసే అధికారిక ఆన్‌లైన్ సేవ ఒకటుంది, దాన్ని హెచ్‌.ఇ.డి.డి. అంటారు. చదివినవాళ్ళ అనుమతి ఉంటేనే వివరాలు ఇస్తుంది. కాబట్టి అబ్బాయికి తెలియకుండా చేయించే పని కాదు. చేయించకపోవడమే మర్యాద కూడా. ఇద్దరి పట్టాలూ ఒకరికొకరు చూపించుకుందామని మీరే ముందు మీ అమ్మాయి పట్టా కాపీ పంపితే, అటువైపు వాళ్ళకీ ఇబ్బంది ఉండదు.

మీ అమ్మాయి చదువు గురించి మీరు అడగలేదు గానీ ఉత్తరంలో 'ఏడాది ఎమ్మెస్సీ' అని రాసిన తీరు చూస్తే లోపల ఒక బెంగ ఉన్నట్టనిపించింది. అబ్బాయి ఎం.ఏ. గురించి మీరు అడిగేలోపు, వాళ్ళు మీ అమ్మాయి ఎమ్మెస్సీ ఏడాదేనేమిటని అడుగుతారేమోనని కదా? బ్రిటన్‌లో ఎమ్మెస్సీలు ఎక్కువగా ఏడాదే. వేసవి సెలవులు లేకుండా పన్నెండు నెలలూ చదివించి, చివర డిసర్టేషన్ రాయించి ఇస్తారు. 2022 జులైలో భారతదేశం, బ్రిటన్ డిగ్రీల పరస్పర గుర్తింపు ఒప్పందం చేసుకున్నాయి. దాని కింద బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌ని ఇక్కడ గుర్తిస్తారు. ఇంజినీరింగ్, వైద్యం, లా లాంటి వృత్తి చదువులు ఆ ఒప్పందంలో లేవు. చదువు స్థాయి ప్రకారం చూస్తే, ఈ సంబంధంలో పీజీ చేసింది మీ అమ్మాయే. ఆ మాట వాళ్ళ ముందు అనక్కర్లేదు, మీరు మాత్రం తలెత్తుకుని ఉండండి.

డనెల్మ్ రాసుకోవచ్చా అంటే, రాసుకోవచ్చు. అది ఆమె హక్కు. అక్కడివాళ్ళకి పంపే దరఖాస్తుల్లో, విజిటింగ్ కార్డు మీద బాగుంటుంది. పెళ్ళి బయోడేటాలో మాత్రం 'ఎమ్మెస్సీ, డర్హం యూనివర్సిటీ, ఇంగ్లండ్' అని పూర్తిగా రాయించండి. పక్కన సబ్జెక్టు పేరు, పాసైన సంవత్సరం, డిస్టింక్షనో మెరిట్టో వచ్చి ఉంటే అది కూడా పెట్టండి. అబ్బాయి వాళ్ళకి ఫోన్ చేసేటప్పుడు, వాళ్ళ బయోడేటా కూడా ఇలాగే మార్చి పంపమని అడగండి.